వచ్చేటప్పటి చప్పుడు

ఆ ఆఫీసులో అందరూ తప్పించుకు తిరిగే పని ఒకటుంది. నెల తిరిగేసరికి కొత్తగా రిజిస్టరైన కార్లలో పెట్రోలువెన్ని, డీజిలువెన్ని, గ్యాసువెన్ని, బ్యాటరీవెన్ని అని విడదీసి, వెనకటి నెలలతో పోల్చి, పై ఆఫీసుకు పంపాలి. పంపితే మెచ్చుకునే దిక్కుండదు, పంపకపోతే మాత్రం ఫోన్ల మీద ఫోన్లు. అందుకని ఆ పని ఎప్పుడూ కొత్తగా చేరినవాళ్ళ నెత్తిన పడేది. ఆవిడ నెత్తినా అలాగే పడింది. మిగతావాళ్ళు వీలు చూసుకుని దించేసుకుంటే ఈవిడ మాత్రం ఏళ్ళ తరబడి మోస్తూనే ఉండిపోయింది. ఆఫీసువాళ్ళు ఆవిణ్ణి లెక్కలమ్మ అన్నారు. మొదట వెక్కిరింపుగానే అన్నారు, తర్వాత అదే పేరుగా నిలిచిపోయింది.

నిజానికి ఆమెకు ఆ పనిలో నచ్చింది అంకెలు కాదు, రంగులు. పెట్రోలుకు నీలం, డీజిలుకు గోధుమరంగు, గ్యాసుకు పసుపు, బ్యాటరీకి ఆకుపచ్చ. ఒక్కో రంగుకీ ఒక్కో పట్టీ గీసి పక్కపక్కన నిలబెడితే, ఊళ్ళో జనం మనసు ఎటు తిరుగుతోందో ఇట్టే తెలిసిపోయేది. ఆమె ఉద్యోగంలో చేరినప్పుడు గోధుమరంగు పట్టీ నీలంతో భుజం భుజం కలిపి నిలబడేది. ఆకుపచ్చ ఎంత ఉండేదంటే, కాగితం మీద మరక పడిందేమోనని తుడవబోయేంత. ఆ తర్వాత గోధుమరంగు కుంగడం మొదలుపెట్టింది. ఆకుపచ్చ నక్కి నక్కి పైకొచ్చింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. లెక్కలమ్మ ఇంట్లో మాత్రం ఆ సంగతి ప్రతి నెలా చర్చకొచ్చేది.

ఎందుకంటే వాళ్ళ నాన్నది డీజిల్ కారు. మందుల కంపెనీ తరఫున షాపు షాపుకీ తిరిగి ఆర్డర్లు రాసుకునే మనిషాయన. పొద్దస్తమానం రోడ్డు మీద ఉండేవాడికి డీజిలే గిట్టుబాటని ఏరి కోరి కొన్నాడు. బండి మొండిది, మోతెక్కువ. కూతురు మెత్తగా పుట్టింది కాబట్టి కొడుకైనా గట్టిగా ఉండాలని చెప్పి దాన్ని 'పెద్దాడు' అని పిలిచేవాడు. పెద్దాడికి ఆయిలు మార్పించిన రోజున కూతురు అలుగుతుందని ఆమెకూ ఏదో ఒకటి కొనుక్కొచ్చేవాడు. ఆమెకు పెళ్ళయ్యాక కూడా అంతే. పెళ్ళయినా ఆమె ఎక్కడికీ పోలేదు. అదే ఇంట్లో మేడ మీద గదుల్లో మొగుడూ పెళ్ళాలుండేవాళ్ళు, కింద అమ్మా నాన్నా. వంట మాత్రం అందరికీ కిందే.

నెలాఖరు లెక్క ముగించుకుని ఆమె ఇల్లు చేరేసరికి తండ్రి గుమ్మంలోనే అడిగేవాడు.

"ఏమ్మా, ఈ నెల మమ్మల్ని ఎంత పొట్టి చేశావు?"

"ఇంకో వేలెడు తగ్గారు నాన్నా."

"తగ్గనీలే. కాగితం మీదే కదా! రోడ్డు మీద మా పెద్దాడు ఇంకా ఎవడికీ దారివ్వడు."

ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. లోపలినుంచి తల్లి, "ఆ లెక్కలు తర్వాత, ముందు చేతులు కడుక్కోండి" అని కేకేసేది.

ఈ కథంతా ఆ తల్లి గురించే కాబట్టి, ఆవిడ వంటగది గురించి కాస్త చెప్పాలి. అది ఇంటికి వెనకాల ఉంది. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ తప్ప ఇంకేమీ కనపడదు. వీధి అన్నది ఆవిడకు ఎప్పుడూ వినపడేదే గానీ కనపడేది కాదు. సాయంత్రం పూట సందు మొదట్లో ఎత్తు దగ్గర ఆయన గేరు తగ్గించేవాడు. అప్పుడు బండి ఒకసారి దగ్గేది. ఆ దగ్గు వినపడగానే ఆవిడ పొయ్యి వెలిగించి నీళ్ళు పెట్టేది. గడగడమంటూ ఆ చప్పుడు మెల్లగా దగ్గరికొచ్చి, గేటు ముందు నిలబడి, ఆపే ముందు ఆయన ఊరికే ఒకసారి ఎక్సిలేటరు తొక్కితే గట్టిగా గుర్రుమని, ఆగిపోయేది. ఆయన చెప్పులు విప్పి లోపలికొచ్చేసరికి నీళ్ళు గోరువెచ్చగా సిద్ధంగా ఉండేవి. దుమ్ములో తిరిగొచ్చిన మనిషి మొహం కడుక్కోవాలి కదా! ఆ నీళ్ళ గురించి వాళ్ళిద్దరూ ఒక్క మాటైనా మాట్లాడుకోవడం కూతురు ఎప్పుడూ వినలేదు. ఆవిడ పెట్టడం, ఆయన కడుక్కోవడం, అంతే.

ఒక మధ్యాహ్నం ఆయన మందుల షాపులో కౌంటరు దగ్గర నిలబడి ఆర్డరు రాసుకుంటూ పక్కకు ఒరిగిపోయాడు. చుట్టూ అరల నిండా మందులే. ఒక్కటీ అక్కరకు రాలేదు.

కబురు ముందు కూతురికీ అల్లుడికీ అందింది. కూతురు ఆసుపత్రిలో ఉండిపోయింది. తల్లికి ఫోనులో చెప్పడానికి నోరు రాక, నువ్వే వెళ్ళి నెమ్మదిగా చెప్పి తీసుకురమ్మని భర్తను పంపింది. షాపు ముందు నిలిపి ఉన్న మామగారి కారులోనే అల్లుడు బయల్దేరాడు. వేరే బండి ఏదీ చేతికి అందలేదు, పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు? సందు మొదట్లో పెద్దాడు దగ్గాడు. వంటగదిలో ఆవిడ ఆ చప్పుడు విని, ఇవాళ తొందరగా వచ్చేశారే అనుకుని, పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. అల్లుడు లోపలికొచ్చి ఎంతసేపటికీ ఏమీ చెప్పలేక నిలబడిపోయాడు. నీళ్ళు మరిగి మరిగి ఇంకిపోయేదాకా ఎవరూ పొయ్యి ఆర్పలేదు.

ఆ తర్వాత ఆవిడ మంచం పట్టింది. తిండి మీద ధ్యాస లేదు, పలకరిస్తే పలికేది కాదు. ఎవరెవరో వచ్చి ధైర్యం చెప్పి వెళ్ళారు. ఆ ధైర్యమంతా గుమ్మం దగ్గరే ఉండిపోయింది, ఆవిడ దాకా రాలేదు. కొన్నాళ్ళకు అల్లుడు ఆ కారులోనే తను పనిచేసే ప్రెస్సుకు వెళ్ళి రావడం మొదలుపెట్టాడు. ఊరికే పడి ఉంటే పాడైపోతుందని తప్ప ఇంకో ఆలోచనతో కాదు. మొదటి సాయంత్రం బండి సందులోకి తిరిగింది. మేడ మీంచి కిందికి దిగుతున్న లెక్కలమ్మ మెట్ల మీదే ఆగిపోయింది. తల్లి మంచం మీంచి లేచింది. కొంగు దోపుకుంది. గోడ పట్టుకుని వంటగదిలోకి నడిచి నీళ్ళు పెట్టింది.

ఆ రోజునుంచి ఆవిడ మళ్ళీ మనిషైంది. పగలంతా ఎలా గడిచినా సాయంత్రానికి లేచేది, జడ వేసుకునేది, నీళ్ళు పెట్టేది. ఆ తర్వాత తనూ నాలుగు ముద్దలు తిని, చక్కెర జబ్బు మాత్ర వేసుకుని పడుకునేది. అల్లుడు మంచివాడు. మండుటెండలు కాసే రోజుల్లో కూడా ఆ వేడినీళ్ళతోనే మొహం కడుక్కున్నాడు. "అత్తయ్య చేతి నీళ్ళు, మొహం కాలినా ఫర్వాలేదు" అని భార్య దగ్గర నవ్వేవాడు. ఆవిడ కూడా ఒకసారి కూతురితో అంది: "మీ ఆయన గేరు తొందరపడి మారుస్తాడే. మీ నాన్నయితే ఎత్తు దిగేదాకా ఆగేవారు." అన్ని నెలల్లో తల్లి నవ్వడం అదే మొదటిసారి.

అలా ఉండగా ఉత్తర్వు వచ్చింది. వయసు మీరిన డీజిల్ కార్లకు ఇక రిజిస్ట్రేషన్ పొడిగించరు. తుక్కుకైనా ఇచ్చెయ్యాలి, లేదంటే ఇంజను తీసేసి బ్యాటరీకైనా మార్పించుకోవాలి. ఊరందరికంటే ముందు ఆ కాగితం చదివింది లెక్కలమ్మే. ఇన్నాళ్ళూ కాగితం మీద కుంగుతూ వచ్చిన గోధుమరంగు పట్టీ ఈసారి తన ఇంటి గేటు లోపలికే వచ్చింది.

"తుక్కుకిచ్చేద్దాం. చిన్నదేదైనా వేరే బండి చూసుకుందాం" అన్నాడు భర్త.

"మీకు కళ్ళున్నాయా లేవా? అమ్మ నిలబడింది ఆ బండి వల్లే. అది గేటులోంచి పోయిందంటే ఆ రోజే అమ్మ మళ్ళీ మంచమెక్కుతుంది."

భర్త కాదనలేదు. నిజమే కదా మరి. ఆ మాటలో తప్పెక్కడుందో అప్పుడు ఇద్దరికీ తెలియలేదు.

ఆమె పట్టు పట్టింది. పట్టు పడితే వదిలే రకం కాదు. ఊరి చివర బండ్లను బ్యాటరీకి మార్చే షెడ్డొకటి ఉంది. ఆ మేస్త్రీ పనితనం ఎలాంటిదో కనుక్కుంది, సెలవు పెట్టి వెళ్ళి దగ్గరుండి మాట్లాడింది. సీట్లు మార్చొద్దు, రంగు మార్చొద్దు, అద్దానికి నాన్న అంటించిన బొమ్మ పీకొద్దు, తలుపు మీది గీత కూడా అలాగే ఉండనివ్వండి అని లక్ష జాగ్రత్తలు చెప్పింది. "ఇంజను తప్ప అన్నీ అలాగే ఉంటాయి తల్లీ" అన్నాడు మేస్త్రీ. ఆ మాటకు ఆమె సంతోషంగా తలూపింది కూడా.

ఫైలు ఆమె ఆఫీసుకే వచ్చింది. తీసేసిన పాత ఇంజను ఇంకో బండికి బిగించకుండా దాన్ని కోయించి, కోసిన ముక్కల ఫొటో పెట్టాలన్నది రూలు. ఫొటో వచ్చింది. నూనె మరకల సిమెంటు నేల మీద నాలుగు ముక్కలు, ఒక ముక్క మీద ఇంజను నంబరు. సొంత బండి ఫైలు తనే చూడకూడదు కాబట్టి పక్క సీటులో ఉన్న అతని బల్ల మీద పెట్టి, "బాబ్బాబు, ఇవాళే సంతకం చేసెయ్యవా, అమ్మ ఎదురుచూస్తోంది" అని బతిమాలింది. అతను నంబరు సరిచూసి, ఇంధనం అన్న గడిలో డీజిల్ కొట్టేసి బ్యాటరీ అని మార్చాడు. ఆమె చప్పట్లు కొట్టినంత పని చేసింది. తండ్రి బండిని తుక్కు కాకుండా కాపాడానని ఆ పూట ఆమె గాల్లో తేలింది. ఆ నాలుగు ముక్కల ఫొటో వంక రెండోసారి చూడను కూడా లేదు.

బండి షెడ్డులో ఉన్నన్నాళ్ళూ తల్లి ఏ గొడవా చేయలేదు. రిపేరులో ఉందని తెలుసు కాబట్టి రాదనీ తెలుసు. బాగై వస్తుంది కదా అనుకుంది.

బండి వచ్చిన సాయంత్రం ఆవిడ వంటగదిలో చెవి ఒగ్గి కూర్చుంది. అల్లుడు సందు తిరిగాడు, గేటు తీశాడు, బండి లోపల పెట్టాడు, వంటగది గుమ్మం దాకా వచ్చి "అత్తయ్యా" అన్నాడు. ఆవిడ ఉలిక్కిపడి చేతిలో గిన్నె జారవిడిచింది.

"దొంగలా వచ్చారేంటి బాబూ! బండేదీ?"

"గేటు లోపలుంది అత్తయ్యా."

ఆవిడ బయటికొచ్చి చూసింది. అదే రంగు, అవే సీట్లు, అద్దం మీద అదే బొమ్మ. అల్లుడు స్టీరింగు ముందు కూర్చున్నాడు, కూతురు ఆవిణ్ణి పక్క సీట్లో కూర్చోబెట్టి వెనక తను కూర్చుంది.

"బాగుంది" అంది తల్లి, సీటును చేత్తో రాస్తూ. కాసేపాగి, "స్టార్ట్ చెయ్యమను" అంది.

"చేసే ఉందమ్మా. చూడు, కదులుతోంది కూడా."

బండి గేటులోంచి మెల్లగా వెనక్కి జరిగింది. తల్లి కూతురి వంక చూసి ఏదో అనబోయి మానుకుంది. పాపం పిల్ల ఎంత కష్టపడిందో ఆవిడకు తెలుసు. "బాగుందే" అని మళ్ళీ ఒకసారి అంది. ఆ రోజు కూతురు సంబరంలో ఉంది, తల్లి మొహం చదవలేదు.

కష్టాలు ఆ మర్నాటినుంచి మొదలయ్యాయి. అల్లుడు రావడం, స్నానం చేయడం, మేడెక్కడం అన్నీ అయిపోయేవి. ఆవిడ మాత్రం వంటగదిలో స్టూలు మీద అలాగే కూర్చుని ఉండేది. భోజనానికి లెమ్మంటే, "మీరు కానివ్వండి, కాసేపాగి తింటా" అనేది. ఆ కాసేపు ఎప్పటికీ అయ్యేది కాదు. తినకుండా మాత్ర వేసుకునేది, లేదా తిని మాత్ర మర్చిపోయేది. బట్టలు వదులయ్యాయి. ఒక రోజు పొద్దున కళ్ళు తిరిగి పెరట్లో పడింది. డాక్టరు పరీక్ష చేసి, "వేళకు తిండి లేకపోతే ఈవిడ ఎన్నాళ్ళో నిలవరు. మందుల సంగతి తర్వాత, ముందు ఆ తిండి సంగతి చూడండి" అని కూతురికి గట్టిగా చీవాట్లు పెట్టాడు.

లెక్కలమ్మ ఇంటికొచ్చి తల్లి పక్కన కూలబడింది.

"ఎందుకమ్మా ఇలా చేస్తున్నావు? నన్ను చంపుదామనా?"

"నేనేం కావాలని చేస్తున్నానే? మీ నాన్న పోయారని నాకు తెలీదనుకుంటున్నావా? నాకు మతి పోలేదు. కానీ సాయంత్రం ఆ చప్పుడు వినపడితే, హమ్మయ్య, ఇవాళ్టికి అయిపోయింది అనిపించేది. అది వినపడకపోతే నాకు పొద్దు వాలట్లేదే. ఇంకా ఎవరో రావాల్సి ఉన్నట్టే ఉంటుంది. ముద్ద దిగదు."

కూతురికి అప్పుడు అర్థమైంది. అమ్మను నిలబెట్టింది బండి అనుకుంది. బండిలో మిగతా అన్నిటినీ, తలుపు మీది గీతతో సహా, కాపాడుకొచ్చింది. ఒక్కటి తప్ప. ఆ ఒక్కటినీ తనే దగ్గరుండి కోయించింది. సిగ్గూ దుఃఖమూ ఒక్కసారే ముంచుకొచ్చి ఆమె తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది. "నువ్వేం చేస్తావులే" అని తల్లి వీపు నిమిరింది. తిట్టి ఉంటే నయంగా ఉండేది.

మర్నాడు షెడ్డుకు పరిగెత్తింది. మేస్త్రీ వింతగా చూశాడు. "ఇంజనేంటి తల్లీ, ముక్కలు చేసి ఫొటో మీకే పంపాను కదా! ఇనుము కొనేవాడు ఎప్పుడో పట్టుకుపోయాడు. ఈపాటికి ఏ కడ్డీలయ్యాయో."

తర్వాత ఫోన్లన్నీ వెతికింది. పాత వీడియో ఒకటి దొరికింది. తండ్రి బండిలో కూర్చుని స్టార్ట్ చేస్తూ, ఆ మోత మీంచి, "అన్నీ పెట్టుకున్నా, వెళ్ళొస్తా!" అని అరుస్తున్నాడు. తల్లి చెవి దగ్గర పెట్టి వినిపించింది. ఆవిడ కళ్ళు మూసుకుని మొత్తం వింది. ఫోనును నెమ్మదిగా పక్కకు జరిపింది.

"ఇది వెళ్ళేటప్పటి చప్పుడమ్మా. నాకు వచ్చేటప్పటిది కావాలి" అంది.

వచ్చేటప్పటిది ఎవరు తీస్తారు? ఇంటికొచ్చే మనిషిని ఎవరూ వీడియో తియ్యరు.

అప్పుడే ఆఫీసుకు కళ్ళద్దాల షాపు యజమాని ఒకాయన వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉండే పెద్దమనిషి, మాట్లాడే ముందు ఎదుటివాళ్ళ కళ్ళజోడు సరిగ్గా ఉందో లేదో చూసే అలవాటు. ఆయనదీ అదే కంపెనీ, అదే రకం డీజిల్ కారు. తుక్కుకు ఇచ్చేయడానికి కాగితాలు పట్టుకొచ్చాడు. కాగితాలు తీసుకోవాల్సిన లెక్కలమ్మ వాటిని పట్టుకుని కూర్చుండిపోయింది.

"ఏమ్మా, ఏదైనా తక్కువైందా?"

"లేదండీ. బండి ఇంకా నడుస్తోందా?"

"భేషుగ్గా. అందుకే బాధ. నడవకపోతే నేనే తోసేసేవాణ్ణి."

ఆమె లేచి ఆయన్ని వరండాలోకి తీసుకెళ్ళింది. అంతమంది తిరిగే చోట నిలబడి, ముక్కూ మొహం తెలియని మనిషికి, తల్లి సంగతంతా చెప్పేసింది. చెబుతుంటే తనకే పిచ్చిగా అనిపించింది. అయినా ఆపలేదు. ఇవ్వాళ సాయంత్రం బండి మా సందులోకి తీసుకురండి, ఎత్తు దగ్గర గేరు తగ్గించండి, గేటు ముందు ఆపి, ఆపే ముందు ఒకసారి ఎక్సిలేటరు తొక్కండి. మా ఆయన గేటు దగ్గరే నిలబడి ఉంటారు. బండి ఆగగానే ఆయన లోపలికొస్తారు. అమ్మ వంటగదిలోంచి బయటికి రాదు, ఎప్పుడూ రాలేదు. ఒక్క పూటైనా కడుపు నిండా తింటుంది.

"రేపు?" అన్నాడు కళ్ళద్దాలాయన.

"రేపటి సంగతి రేపు చూసుకుంటానండీ."

"వస్తానమ్మా. పోయే ముందు దీనికీ ఒక మంచి పని దొరికింది."

సాయంత్రమైంది. లెక్కలమ్మ మేడ మీద పిట్టగోడ దగ్గర నిలబడింది. భర్త తన బండిని పక్క సందులో పెట్టి, నడిచొచ్చి గేటు పక్కన నిలబడ్డాడు. తను చేస్తున్నది తప్పో ఒప్పో ఆయనకు అర్థం కాలేదని మొహమే చెబుతోంది. వీధి దీపాలు వెలుగుతున్నాయి. సందు మొదట్లో కారు తిరిగింది. ఎత్తు దగ్గర గేరు తగ్గింది. బండి దగ్గింది.

వచ్చేది ఎవరో తెలిసీ, పిలిచింది తనే అయ్యీ, లెక్కలమ్మ ఒక్క క్షణం 'నాన్న' అనుకుంది.

కింద పొయ్యి వెలిగించిన చప్పుడు వినపడింది. గిన్నె పెట్టిన చప్పుడు. అంతా అనుకున్నట్టే జరుగుతోంది. కానీ ఆ తర్వాత అడుగుల చప్పుడు వినపడింది. ఇన్నేళ్ళలో ఏనాడూ వంటగది దాటి ఎదురెళ్ళని తల్లి, చెదిరిన జడను చేత్తో సర్దుకుంటూ, చెప్పులైనా లేకుండా, వరండా దాటి గేటు దాకా వచ్చేసింది. గేటు ఊచలు రెండు చేతులా పట్టుకుని సందులోకి చూసింది. ఆ మొహం మేడ మీంచి కూతురికి కనపడలేదు. బండిలో ఉన్నాయనకు మాత్రం ఎదురుగా కనపడింది.

కారు దగ్గరికొచ్చింది. నెమ్మదించింది. గేటు ముందు దాదాపు నిలబడబోయింది. కళ్ళద్దాలాయన ఆవిడ వంక చూశాడు. చూపు తిప్పేసుకున్నాడు. బండి ఆగలేదు. గడగడమంటూ గేటు దాటి, పక్కింటిని దాటి, సందు చివర మలుపు తిరిగి వెళ్ళిపోయింది. ఆ మోత వినపడనంత దూరం పోయేదాకా తల్లి ఊచలు వదల్లేదు.

లెక్కలమ్మ మెట్లు రెండేసి చొప్పున దిగి వచ్చేసరికి తల్లి వెనక్కి తిరిగింది. పక్కనే తప్పు చేసినవాడిలా నిలబడిన అల్లుణ్ణి చూసి, "లోపలికి రండి బాబూ, మంచు పడుతోంది" అంది. వంటగదిలోకి వెళ్ళి పొయ్యి ఆర్పేసింది. నీళ్ళ గిన్నె దించి పక్కన పెట్టింది. స్టూలు మీద కాకుండా బల్ల దగ్గర కూర్చుంది.

"నాకు భోజనం పెట్టవే" అంది.

కూతురు వడ్డించింది. సగం బల్ల మీదే పోసింది.

"అమ్మా, ఆ బండి నేనే..."

"తెలుసులే. ఆ దగ్గు మన బండిది కాదు. సందు మొదట్లోనే తెలిసింది."

"మరి అంతలా ఎందుకు పరిగెత్తావమ్మా?"

తల్లి ముద్ద కలుపుతూ ఆలోచించింది. "ఏమోనే. తెలిసినా కాళ్ళు ఊరుకోలేదు." ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగింది. "ఆ పెద్దమనిషిని ఏమీ అనకు. దిగేవాడు లేడు కదా, ఎందుకు ఆగుతాడు?"

పళ్ళెం ఖాళీ చేసింది. అడక్కుండానే మాత్ర తీసుకుని వేసుకుంది. తన గదిలోకి వెళ్ళి పడుకుంది.

ఆ రోజునుంచి ఆవిడ వేళకు తింటోంది. పొద్దు వాలకముందే తినేస్తోంది, ఎవరికోసమూ ఆగట్లేదు. ఒంట్లో చక్కెర అదుపులోకొచ్చిందని డాక్టరు సంతోషించాడు. గండం గడిచిందని భర్త ఊపిరి పీల్చుకున్నాడు. కళ్ళద్దాలాయన బండి తుక్కు కాగితాల మీద లెక్కలమ్మే సంతకం పెట్టింది. ఆయన ఆమె కళ్ళలోకి చూడకుండా, "క్షమించమ్మా" అని మాత్రం అని వెళ్ళిపోయాడు. అమ్మ బతికింది. అంతా ఆమె కోరుకున్నట్టే అయింది.

తండ్రి పోయింది మందుల షాపులో. అది అందరికీ తెలిసిన సంగతి. కానీ ఆ తర్వాత కూడా ప్రతి సాయంత్రం ఆయన ఇంటికొస్తూనే ఉన్నాడు, తల్లి రానిస్తూనే ఉంది. ఇప్పుడు ఇక ఎవరూ రారు. లెక్కలమ్మ ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటగదిలో దీపం తీసేసి ఉంటుంది, పొయ్యి చల్లగా ఉంటుంది. మొదటి రోజు ఆమె ఆ చీకట్లో చాలాసేపు నిలబడింది. స్టూలు మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని, పక్కగదిలో తల్లికి వినపడకుండా ఏడ్చింది.